నీళ్లొదిలిన పంపు

ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల మనసు మెత్తగా ఉంటుందని ఒక నమ్మకం ఉంది. అది పని చేయించుకునేవాళ్లు పుట్టించిన నమ్మకం. జల్లెడమ్మ ఒళ్లు బాగానే వంచేది. మనసు మాత్రం ఎవరికోసమూ వంచిన దాఖలా లేదు. ఆమెతో రెండు ముక్కలు మాట్లాడి మొహం మాడ్చుకోకుండా తిరిగొచ్చిన మనిషి ఆ కార్‌వాష్ మొత్తంలో లేడు. అయినా ఆమె ఉన్నన్నాళ్లూ అక్కడ ఒక్క పంపు ఆగలేదు. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందా అంటే, ఉంది. కానీ మనం అనుకునేటంత గొప్ప సంబంధం కాదు.

కారున్నవాడే వచ్చి, కిటికీ దగ్గర టోకెన్లు తీసుకుని, డబ్బాలో వేసి, బొత్తాం నొక్కి, పొడుగాటి గొట్టంతో తన కారు తనే కడుక్కునే చోటు అది. సబ్బుకొక బొత్తాం, నురగకొకటి, మైనానికొకటి, మంచినీళ్లకొకటి. బొత్తాం నొక్కినవాడికి కనబడనిది వెనక గది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవలసినంత ఇరుకు. ఒక పక్క బారుగా సబ్బు, నురగ, మైనం మందుల డ్రమ్ములు, వాటిపైన చెక్కకు బిగించిన చిన్న చిన్న పంపులు, ఒక్కో పంపునుంచి ఒక్కో డ్రమ్ములోకి దిగిన సన్నటి గొట్టం. గొట్టం కొసన చిన్న జల్లెడ. మందులోని నలుసులు పంపులోకి పోకుండా ఆపేది అదే. రోజూ గది తెరవగానే ఆమె చేసే మొదటి పని ఆ జల్లెడలన్నీ పైకి లాగి కడగడం. పేరు అలా వచ్చింది. పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు. ఆమె దాన్ని బిరుదులా తీసుకుని వాళ్లకు ఆ తృప్తి కూడా లేకుండా చేసింది.

కార్‌వాష్ ఆమె మరిదిది. అంతకుముందు అతను టైర్లు అమ్మేవాడు. అతని దృష్టిలో వ్యాపారమంటే వీధివైపు కనబడేది: పెద్ద బోర్డు, రంగు దీపాలు, తడికి మెరిసే నేల. వెనక గది ఒకటుందని అతనికి గుర్తొచ్చేది అందులోంచి వదిన గొంతు వినబడ్డప్పుడే. మొదలుపెట్టిన కొత్తలో పంపులు వరసగా చచ్చాయి. ఒకదాని కింద డ్రమ్ము ఖాళీ అయినా ఎవరూ చూడలేదు, అది గాలి పీల్చి పీల్చి కాలిపోయింది. ఇంకోదాని డ్రమ్ముకు మూత పెట్టలేదు, దుమ్ము పడి గొట్టం పూడుకుపోయింది. అప్పుడు అతని అన్న, అంటే జల్లెడమ్మ భర్త చెప్పాడు: "మీ వదిన ఇంట్లో ఊరికే ఉండి నన్ను తింటోంది. పిలిచి చూడు, నీకూ పుణ్యం, నాకూ పుణ్యం."

ఆమె ఊరికే ఉన్నది పాల ఫ్యాక్టరీ మూతపడ్డాకే. అక్కడ గొట్టాలు కడిగే విభాగంలో సగం జీవితం గడిపింది. పాలు పారిన గొట్టంలోకి సోడా మందు పంపాలి, దాని వెనకాలే మంచినీళ్లు పంపాలి. నీళ్లు పంపేముందు "నీళ్లొదులుతున్నాం" అని అరవాలి, సోడా మందు చిమ్మే అవతలి కొసన ఉన్నవాళ్లు చేతులు తీసేసుకోవాలి. ఒకసారి ఒకడు అరవడం మరిచిపోతే ఆమె పక్కనున్న మనిషి ముంజేయి బొబ్బలెక్కింది. అప్పటినుంచి జల్లెడమ్మ ఏ మాటైనా అరిచే చెబుతుంది. భర్తతో కూడా. అతను బస్సు డ్రైవరు కాబట్టి చప్పుడు అలవాటే.

ఆమె పద్ధతిలో మంత్రమేమీ లేదు. డ్రమ్ము అడుగంటకముందే కొత్తది తెరవాలి. గొట్టం కొస అడుగున మడ్డిలో పడకుండా కాస్త పైన వేలాడాలి. ఒక మందు తీసి ఇంకో మందు పెట్టేముందు పంపుకి నీళ్లొదలాలి. బయటికొచ్చే నీళ్లను సీసాలో పట్టి ఊపితే నురగ రానంతవరకూ వదలాలి. పంపు లోపల కొట్టుకునే రబ్బరు పొర చిరగకముందే మార్చాలి. ప్రతి పంపుకూ ఒక విడి రబ్బరు మేకుకి వేలాడుతుండాలి. ఇవి ఎవరికైనా చెప్పవచ్చు, ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగితే "నీ తలకెక్కదు" అనేది. ఆ గది తాళంచెవి నడుముకు కట్టుకుని తిరగడంలో ఆమెకున్న సుఖం, బహుశా ఇంకెక్కడా దొరకలేదు.

ఆ సుఖానికి ఒక శత్రువున్నాడు. పంపుల మెకానిక్కు. మరిదికి స్నేహితుడు. ఏది చూపించినా తల పంకించి "మార్చేద్దాం" అంటాడు. రబ్బరు చిరిగితే పంపు మార్చేద్దాం, గొట్టం పగిలితే గొట్టాలన్నీ మార్చేద్దాం. అతన్ని మార్చేద్దాం అనే పిలిచేవారు. జల్లెడమ్మ వచ్చాక అతనికి ఆ వైపు పని లేకుండాపోయింది. అయినా వచ్చి కూర్చునేవాడు, మరిదితో టీ తాగేవాడు, ఆమెను చూసినప్పుడల్లా పలకరించేవాడు.

"ఏమ్మా, పంపులు కులాసానా?"

"నీ కళ్లు పడనంతకాలం కులాసానే నాయనా."

గొడవ ఒక ఆదివారం పొద్దున బయటపడింది. ఆదివారం అంటే వీధి చివరిదాకా కార్లు. ఆమె నురగ పంపు ఆపేసి, విప్పి, ముక్కలు నేలమీద గుడ్డ పరిచి పేర్చుకుని కూర్చుంది. మరిది తలుపులో నిలబడ్డాడు.

"వదినా, బయట కార్లు బారులు తీరాయి. ఇప్పుడే విప్పాలా దాన్ని?"

"నువ్వు విప్పుతున్నావా? నేను విప్పుతున్నా. నువ్వెళ్లి బారులు చూసుకో."

"బాగానే నడుస్తోందిగా."

"నడుస్తోంది కాబట్టే విప్పుతున్నా. ఆగాక విప్పితే శవపరీక్ష అంటారు."

"ఈ రబ్బరుకేమైంది? చిరగలేదు, ఏం లేదు."

"ఉబ్బింది. చిరుగుతుంది."

"చిరిగినప్పుడు చూద్దాం."

"మీ అన్న బ్రేకుల గురించి ఇలాగే అంటే ఆ బస్సు ఎక్కుతావా నువ్వు?"

వరసలో ముందున్న కారతను కూడా వెనక్కొచ్చి తొంగిచూశాడు. "ఎంతసేపండీ? పెళ్లికెళ్లాలి."

"పెళ్లికొడుకు మీరు కాదుగా. మట్టితోనే వెళ్లండి, ఎవరూ చూడరు."

అతను ఆమెను ఏమీ అనలేక కిటికీ దగ్గరికెళ్లి అక్కడున్న మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాడు. ప్రతిసారీ జరిగేది అదే. కిటికీలో కూర్చునేది మరిది భార్య, జల్లెడమ్మకు తోడికోడలు. వెనక గదికీ ఆమె కూర్చునే చోటుకూ మధ్య ఉన్నది పలచటి చెక్క. పంపు ఆపింది ఒకరైతే తిట్లు పడేది ఇంకొకరు. ఆమె తిరిగి ఒక్క మాట అనేది కాదు. జల్లెడమ్మ దృష్టిలో అది మెతకతనం. "దానికి నోరు పెట్టడం మరిచిపోయారు" అని నలుగురిలో అనేది, ఆ మనిషి వింటుండగానే.

ఆ మధ్యాహ్నం మరిది తేల్చేశాడు.

"ఆ గదిని ఇక మన మార్చేద్దాం చూసుకుంటాడు. నువ్వు ముందువైపుకి రా వదినా. కార్ల లోపల దుమ్ము లాగే మిషన్లున్నాయి, అవి చూడు."

"చీపురిస్తున్నానని తిన్నగా చెప్పు."

"కోపం తెచ్చుకోకు. పంపులు పాడవడం లేదు. పాడవని పంపులకి రోజంతా ఒక మనిషెందుకు, చెప్పు?"

ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. దాన్ని అలా కొట్టిపారేయకూడదు. జరిగినదానికి సాక్ష్యం ఉంటుంది, జరగనిదానికి ఉండదు. కాలిపోయిన పంపును బల్లమీద పెట్టి చూపించవచ్చు. కాలిపోకుండా ఉన్నది చెక్కకు వేలాడుతూ తన మానాన తను కొట్టుకుంటుంటే, అందులో ఎవరి చెయ్యి ఉందని చెప్పడం?  జల్లెడమ్మ జవాబుకు బదులు తాళంచెవి విప్పి కిటికీలోని టోకెన్ల పళ్లెంలో పడేసింది.

"ఇది టోకెన్ల పళ్లెం అక్కా," అంది తోడికోడలు.

"ఇకనుంచి చెత్త కూడా వేసుకోండి."

ఇంటికెళ్లి కూర్చుంది. ఆమెకు కావలసింది ఒకటే, ఆ గది. తిరిగి పిలవాలంటే ఒక పంపు పోవాలి. కాబట్టి పంపు పోవాలని కోరుకుంటూ కూర్చుంది. దీన్ని పనిమీద ప్రేమ అనేవాళ్లు అనవచ్చు. భర్త నడిపే బస్సు ఆ కార్‌వాష్ ముందునుంచే వెళ్తుంది. సాయంత్రం అతను చెప్పులు విప్పుతుండగానే అడిగేది.

"ఆగాయా?"

"ఏవి?"

"నా తలకాయ. పంపులు."

"నురగ దండిగానే వస్తోంది. ఎవడో కారు కనబడకుండా కొట్టుకుంటున్నాడు."

మర్నాడు కూడా అదే. ఆ పై వారం కూడా అదే. ఆగవు మరి. ఆమె చివరిరోజు దాకా రబ్బర్లు మార్చింది, జల్లెడలు కడిగింది, డ్రమ్ములు నింపి వెళ్లింది. తను చేసిన పని ఇప్పుడు తనకే అడ్డం తిరిగింది. మార్చేద్దాం గదిలోకి వెళ్లనైనా వెళ్లకుండా, బయట కుర్చీ వేసుకుని, "చూశావా, అసలేం చెయ్యక్కర్లేదు" అంటున్నాడని భర్త మోసుకొచ్చాడు. ఆమె ఆ రోజు అన్నం కుండ ఎంత గట్టిగా దించిందంటే అతను రెండోసారి వడ్డించమని అడగలేదు.

"నువ్వు మరీ అంత బాగా చెయ్యకుండా ఉండాల్సింది," అన్నాడు తర్వాత, చెయ్యి కడుక్కుంటూ. అతను చేసిన మంచి జోకుల్లో అదొకటి. ఆమె నవ్వలేదు.

తర్వాత ఒకరోజు మరిది ఫోను చేశాడు. వెనకాల కార్ల రొద.

"వదినా, ఒక్క ముక్క. కొత్త కంపెనీ నురగ మందు తెచ్చాం. పాత డ్రమ్ములోని గొట్టం తీసి ఇందులో పెట్టెయ్యడమేనా? ఆ పంపుకి ఏమైనా చెయ్యాలా?"

"మీ మార్చేద్దాంని అడగకపోయావా?"

"ఫోనెత్తడం లేదు."

"అంతేలే. వదిన గుర్తొచ్చింది."

"చెప్పు వదినా, జనం ఉన్నారు."

"నీళ్లొదిలెయ్."

"ఏంటి?"

"చెవుడా? ఆ పంపుకి నీళ్లొదిలెయ్ అన్నా." ఫోను పెట్టేసింది.

పెట్టేశాక ఆమెకు కాస్త సంతోషం కలిగింది. ఇంకా చాలా చెప్పవచ్చు: ఎంతసేపు వదలాలి, సీసాలో పట్టి ఎలా చూడాలి. చెప్పలేదు. అడిగినదానికి జవాబిచ్చింది, అంతకుమించి మర్యాద చెయ్యలేదు.

అవతల మరిది ఫోను వైపు చూసి నిట్టూర్చాడు. పాల ఫ్యాక్టరీ గడప ఎన్నడూ తొక్కని అతనికి నీళ్లొదలడమంటే ఒకటే అర్థం. ఇక రాదనుకున్న బాకీకి నీళ్లొదులుకుంటారు, దొరకదనుకున్న సంబంధానికి నీళ్లొదులుకుంటారు. అంటే పంపు పని అయిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోకు అని వదిన తేల్చి చెప్పిందన్నమాట. పోయేదెలాగూ పోతుంది, పోయేదాకా నడుపుదామనుకున్నాడు. గొట్టం తీశాడు, కొత్త డ్రమ్ములో ముంచాడు.

గొట్టంలో మిగిలిన పాత సబ్బూ కొత్త మందూ కలిశాయి. రెండూ విడివిడిగా మంచివే. కలిస్తే విరిగిన పాలలా గడ్డకడతాయి, ఆ గడ్డ జిగురులా సాగుతుంది. మొదట నురగకు బదులు తెల్లటి తుంపులు పడ్డాయి. ఒక నల్ల కారు మీద పడ్డవి ఎండి అతుక్కుపోయాయి. తర్వాత ఏమీ పడలేదు. పంపు మాత్రం పీల్చడానికి దారిలేక గింజుకుని గింజుకుని లోపలి రబ్బరు చింపుకుని, మూగబోయింది. అన్ని వరసలకూ నురగ ఇచ్చేది ఆ ఒక్క పంపే. నల్ల కారతను కిటికీ చెక్క మీద గుద్దాడు.

కబురందగానే జల్లెడమ్మ బయలుదేరింది. ఆందోళనతో పరుగెత్తిందని రాయాలని ఉంటుంది ఎవరికైనా. ఆమె జుట్టు దువ్వుకుంది, ఇస్త్రీ చీర కట్టుకుంది, భర్త బస్సు వచ్చేదాకా ఆగి దాంట్లోనే వచ్చింది.

గదిలో మరిది, మార్చేద్దాం ఉన్నారు. మార్చేద్దాం గొట్టాన్ని వేలితో తట్టి చూస్తున్నాడు.

"పంపూ, గొట్టాలూ, చెక్కతో సహా మార్చేద్దాం," అన్నాడు.

"నిన్ను కూడా కలుపుకో ఆ జాబితాలో," అంది జల్లెడమ్మ. "లే అక్కణ్ణించి."

అతను మరిది వైపు చూశాడు. మరిది నేల వైపు చూశాడు. మార్చేద్దాం చేతులు తుడుచుకుని బయటికి వెళ్లాడు.

"నేను చెప్పానా, లేదా?" అంది ఆమె.

"చెప్పావు. నీళ్లొదిలెయ్ అన్నావు. వదిలేశా."

"వదిలితే ఇదెలా వస్తుంది? సీసాలో పట్టి చూశావా?"

"సీసా ఏంటి? పంపు పోతుంది, ఆశ వదులుకో అన్నావు. వదులుకున్నా. ఇంత తొందరగా పోతుందనుకోలేదు."

జల్లెడమ్మ గొట్టం కొసనున్న జల్లెడ పైకి లాగి చూసింది.  

"నీళ్లొదలమంటే," అంది, ఆ గదిలో మొదటిసారి అరవకుండా, "పంపులోకి మంచినీళ్లు వదలమని."

"దాన్ని కడగడం అంటారు వదినా. లోకమంతా కడగడం అంటుంది."

"మా ఫ్యాక్టరీలో ఇలాగే అంటారు."

"ఆ ఫ్యాక్టరీకి తాళమేసి ఎన్నేళ్లైంది? ఇక్కడ ఎవడికి తెలుస్తుంది ఆ మాట?"

"నాకు తెలుసు."

అది తోడికోడలి గొంతు. తలుపు దగ్గర నిలబడి ఉంది. వెనకాల కిటికీ మూసేసి వచ్చింది. అంతకుముందెప్పుడూ అలా మూసింది లేదు.

"ఈ చెక్కకి అటుపక్క కూర్చుని రోజూ వింటున్నా. నీళ్లొదులుతున్నా అని అరుస్తుంది, తర్వాత నీళ్ల చప్పుడు వస్తుంది. సీసా ఊపిన చప్పుడు వస్తుంది. ఫోన్‌లో అక్క గొంతు నీ పక్కనున్న నాకూ వినబడింది. పంపు కడగమందని అప్పుడే అర్థమైంది."

మరిది మొహం ఎర్రబడింది. "తెలిసి నోరు మూసుకు కూర్చున్నావా?"

"ఏం చెప్పింది అక్క, అని నిన్నడిగా. నువ్వేమన్నావ్? నీకెందుకు, నువ్వు టోకెన్లు చూసుకో అన్నావ్. చూసుకున్నా."

"పంపు చచ్చింది నీ మూలంగా."

"నా ఒక్కదాని మూలంగానా?"

జల్లెడమ్మ అందుకుంది. "చూడబ్బాయ్. గది నాకివ్వాలి. మార్చేద్దాం మళ్లీ ఈ తలుపు దాటకూడదు. నేను పంపు ఆపమన్నప్పుడు ఆగాలి, అది ఆదివారమైనా సరే. ఇంకోటి. ఇది, తెలిసి తెలిసి పంపుని చంపిన మనిషి. ఇది ఈ గదిలో కాలు పెట్టకూడదు."

మరిది దేనికైనా ఒప్పుకునే స్థితిలో ఉన్నాడు. బయట హారన్లు మోగుతున్నాయి. కానీ తోడికోడలు అడ్డుపడింది.

"నేను చెప్పకుండా చంపా. నువ్వు? ఎప్పుడు చస్తుందా అని ఇంట్లో కూర్చుని ఎదురుచూశావు. బావగారు రోజూ ఇక్కడ బస్సు నెమ్మది చేసి, మెడ సాచి చూసి వెళ్లేవారు. ఎందుకనుకున్నావ్, నా అందం చూడ్డానికా?"

"నోరు బాగానే పుట్టుకొచ్చిందే నీకు."

"ఎప్పుడూ ఉంది. నీ గోలలో నీకు వినబడలేదు." ఆమె లోపలికొచ్చి మేకుల వైపు చెయ్యి చూపింది. "ప్రతి పంపుకీ విడి రబ్బరు తగిలించావు. ఒకటి పోతే ఇంకోటి ఉండాలని. నీకేది అక్కా విడి? నువ్వు అలిగిపోతే ఈ గదికేది? ఒక మాట నేర్పావా ఎవరికైనా? అందుకే నువ్వు ఫోన్‌లో రెండు ముక్కలు అంటే అది శాపమో పనో నీ మరిదికి తెలియలేదు."

జల్లెడమ్మకు కోపం వచ్చింది, సందేహం లేదు. అంతకంటే ఎక్కువగా, ఆ మాట సరైనదని తెలిసింది. ఇతరుల తప్పు పట్టడంలో ఆరితేరినవాళ్లకు తమ తప్పు ఇంకొకరు పట్టినప్పుడు కలిగే చిరాకు ప్రత్యేకమైనది. పంపు పాడయ్యే దారులన్నీ మూసుకుంటూ వచ్చి, ఒక్క దారిలో తనే కుర్చీ వేసుకుని కూర్చుంది. గది తనదే కావాలంటే ఆ కుర్చీ లేపాలి. లేదంటే చీపురు తీసుకోవాలి.

"తాళంచెవి ఇంకోటి చేయించు, దీనికి," అంది మరిదితో. తోడికోడలి వైపు చూడలేదు. "నువ్వెళ్లి కిటికీలో కూర్చో."

"నేనా?" అన్నాడు మరిది.

"మరి నల్ల కారాయన్ని ఎవరు చూస్తారు? నీ మార్చేద్దామా?"

మరిది వెళ్లాడు. కాసేపట్లో చెక్కకు అవతల నల్ల కారతని గొంతు మొదలైంది, ఆ గొంతుకు మరిది "సార్, సార్" అనడం వినబడింది.

గొట్టం మార్చలేదు. గోరువెచ్చటి నీళ్లు పోసి, నానబెట్టి, ఒకామె లోపల పంపుతుంటే ఇంకొకామె బయట కొసన బక్కెట్టు పట్టుకుంది. తెల్లటి గడ్డ తాళ్లు తాళ్లుగా వచ్చింది. ఇద్దరూ గోడ మీదుగా అరుచుకున్నారు. "వచ్చిందా?" "వస్తోంది." "గట్టిగా చెప్పు, అన్నం తిన్లేదా?" "తిననిచ్చావా?" ఒకరిమీద ఒకరికి ప్రేమ పుట్టిందని ఎవరూ అపోహ పడనక్కర్లేదు. ఆ ఇద్దరూ ఇప్పటికీ పంపుల గురించి తప్ప మాట్లాడుకోరు, ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు ముట్టరు. కానీ ఆ రోజు సీసాలో పట్టిన నీళ్లు ఊపినప్పుడు నురగ రాకపోవడం ఇద్దరూ చూశారు.

చివరికి మిగిలింది రబ్బరు. జల్లెడమ్మ మేకునుంచి విడి రబ్బరు తీసి అందించింది.

"బిగించు."

తోడికోడలు పంపును ఒళ్లో పెట్టుకుంది. రబ్బరు వంపు ఏ వైపుండాలో వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. అడగలేదు. అమర్చింది, మూత పెట్టింది, మరలు ఒకదానికెదురుగా ఒకటి, కాస్త కాస్తగా బిగించింది. జల్లెడమ్మ పంపు అందుకుని చుట్టూ వేలుపెట్టి తడిమి చూసింది. ఎక్కడా ఎగుడు లేదు. సరిగ్గానే ఉంది.

మరలు విప్పేసి, ముక్కలు మళ్లీ గుడ్డమీద పడేసింది.

"ఇంకోసారి."

తోడికోడలు ఆమెను కళ్లార్పకుండా చూసింది. తర్వాత స్క్రూడ్రైవర్ అందుకుంది.